కోచ్ గారి పరుపు

కొడవలూరు,
ఆగస్టు 11.

పినాకిని ఫుట్‌బాల్ క్లబ్ ఆఫీసు వారికి,

తూర్పు స్టాండులో మెట్ల పక్కన కూర్చునే ఇమామ్ సాహెబ్ నమస్కారం చేసి రాస్తున్నది. మీ ఫేస్‌బుక్ పేజీలో నన్ను బ్లాక్ చేశారు. ఫోన్ చేస్తే క్లబ్ పాట వినిపించి దానంతటదే కట్ అవుతోంది. పోస్టుమాన్‌ని ఎవరూ బ్లాక్ చేయలేరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇంట్లో తెల్లకాగితం దొరక్క మా పరుపుల దుకాణం పేరున్న కాగితం మీద రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

శనివారం వచ్చి కళ్ళారా చూశాను. పరిస్థితి ఏమీ బాగాలేదు. మధ్యలో పెద్ద గుంట పడింది. ఎటు నుంచి వచ్చినా జారి అందులోకే పోతోంది. ఎడమ పక్క బొత్తిగా దన్ను లేదు. కుడి పక్క ఉన్న కాస్తా చెదిరిపోయింది. కుర్రాళ్ళు నిద్రమొహాలతో తిరుగుతున్నారంటే తప్పు వాళ్ళది కాదు. ఇంత పేరున్న క్లబ్బు ఇలాంటిదాంతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తుంది? మధుబాబు గారి కింద ఉన్నదంతా ఒకసారి తిరగేసి చూడండి. మార్చక తప్పదని మీకే తెలుస్తుంది.

ఇట్లు,
మీ మేలు కోరి మీ మీద కోపంగా ఉన్న
ఇమామ్ సాహెబ్.

తా.క. కోచ్ అన్నవాడు అప్పుడప్పుడైనా అరవాలి. మా వీధిలో రొయ్యలు అమ్మే చెంచమ్మ మధుబాబు గారి కంటే గట్టిగా అరుస్తుంది. ఆమె బుట్ట రోజూ ఖాళీ అవుతుంది కూడా.


నెల్లూరు,
ఆగస్టు 18.

ఇమామ్ పరుపుల దుకాణం యజమాని గారికి,

నమస్కారం. నా పేరు వనజాక్షి. క్లబ్‌లో అభిమానుల ఉత్తరాలూ, ఆటగాళ్ళ హాస్టలు సామాన్లూ రెండూ నేనే చూస్తాను. మీ ఉత్తరం అందింది. మీరు హాస్టలుకు వచ్చి పరుపులు చూసి వెళ్ళిన సంగతి వాచ్‌మన్ మాకు చెప్పలేదు.

మా కోచ్ మధుబాబు గారు ఆటగాళ్ళతో పాటు హాస్టల్లోనే ఉంటారు. మీరు చెప్పినట్టే ఆయన కింద ఉన్నది తిరగేసి చూశాం. మధ్యలో నిజంగానే గుంట ఉంది. ఎడమ పక్క దూది లేనే లేదు. తిరగేయకుండానే అంత కచ్చితంగా ఎలా చెప్పారని క్లబ్ అధ్యక్షులు జయరామయ్య గారు ఆశ్చర్యపోయారు. ముందుగా మధుబాబు గారికి గట్టి పరుపు ఒకటి కుట్టి పంపగలరు. నచ్చితే మిగతావి కూడా మీకే ఇస్తాం.

భవదీయురాలు,
వనజాక్షి.

తా.క. కోచ్ గారు అరవడం లేదని రాశారు. నడుము పట్టేసిన మనిషి గట్టిగా అరవలేడు. కొత్త పరుపుతో ఆ లోపం కూడా తీరుతుందని ఆశిస్తున్నాం.


కొడవలూరు,
ఆగస్టు 27.

అమ్మా వనజాక్షీ,

నీ ఉత్తరం చదివి ఒక పూట నోట మాట రాలేదు. నా భార్య ఆమినాబీ సంతోషపడి, నాకు వచ్చిన జబ్బేమిటో కనుక్కుని ఏడాదికొకసారి తెప్పిద్దామంది.

తల్లీ, నేను రాసింది పరుపు గురించి కాదు. ఆట గురించి. గుంట పడింది మిడ్‌ఫీల్డులో. దన్ను లేనిది ఎడమ డిఫెన్సుకి. మార్చమన్నది మధుబాబు గారిని. ఆయన వచ్చాక మన జట్టు గెలవడం మానేసింది. ఓడిపోయిన ప్రతిసారీ ఆయన మైకు ముందుకొచ్చి 'కుర్రాళ్ళు నేర్చుకుంటున్నారు' అంటారు. నేర్చుకునేవాళ్ళను చూడాలంటే నేను బడికి పోతాను కదా, టికెట్టు కొని మీ దగ్గరికి ఎందుకు వస్తాను?

అయినా అడిగారు కాబట్టి పరుపు ఆటోలో వేసి పంపుతున్నాను. మధుబాబు గారికి ఎలాంటిది తగునో అలాంటిదే కుట్టాను.

ఇట్లు,
పరుపుల వాడు కాని, అభిమాని అయిన
ఇమామ్ సాహెబ్.

తా.క. నేను కుడుతుంటే ఆమినాబీ చేత్తో తడిమి చూసి, 'ఇదేంది, లోపల గుండ్రాళ్ళు పెట్టినావా?' అని అడిగింది. ఆడవాళ్ళకు ఈ పని తెలియదు.


నెల్లూరు,
సెప్టెంబరు 6.

పూజ్యులు ఇమామ్ సాహెబ్ గారికి,

సిగ్గుతో రాస్తున్నాను. కాగితం మీద దుకాణం పేరు చూసి పొరపాటుపడ్డాను. మీరు ఆట గురించి రాస్తే పరుపు ఆర్డరు పెట్టామని తెలిసి జయరామయ్య గారు నన్ను బాగా కోప్పడ్డారు. ఇకమీదట మీ దగ్గర నుంచి ఏ ఉత్తరం వచ్చినా అది ఆట గురించేనని భావించి నేరుగా కమిటీ ముందు పెట్టాలని ఆదేశించారు. కాబట్టి ఇలాంటిది మళ్ళీ జరగదు.

పరుపు చేరింది. మీ మొదటి ఉత్తరాన్ని మధుబాబు గారికి కూడా చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. మిమ్మల్ని కలవడానికి కొడవలూరు వస్తానన్నారు. భయపడకండి, ఆయన పోట్లాడే మనిషి కాదు.

నమస్కారాలతో,
వనజాక్షి.

తా.క. మా పెదనాన్న కూతురి పెళ్ళికి సెలవు మీద వెళుతున్నాను. నేను లేకపోయినా మీ ఉత్తరాలు ఆగవు.


కొడవలూరు,
సెప్టెంబరు 15.

అమ్మా వనజాక్షీ,

నిన్న మధుబాబు గారు వచ్చి వెళ్ళారు. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. వివరంగా రాసే ఓపిక లేదు. ఇది అందిన వెంటనే ఈ పని చెయ్యి.

మధుబాబు గారిది ఇంక ఒక్క రోజు కూడా ఉంచకూడదు. పైకి గట్టిగా కనిపిస్తుంది గాని లోపల సరుకు లేదు. ఎంత ఎండలో పెట్టినా, ఎంత బాదినా బాగుపడేది కాదు. ఇంకా ఉంచితే కుర్రాళ్ళు కూడా పాడవుతారు. మొహమాటపడకుండా తీసి బయట పడేయండి. ఆ స్థానంలోకి కొత్త ఏర్పాటు నేను చూస్తున్నాను. తప్పంతా నాదేనని, ముందే చెప్పాల్సిందని అందరితో అనండి.

తొందరలో ఉన్న
ఇమామ్ సాహెబ్.


నెల్లూరు,
అక్టోబరు 3.

ఇమామ్ సాహెబ్ గారికి,

పెళ్ళి నుంచి వచ్చేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. మీ ఉత్తరాన్ని జయరామయ్య గారే కమిటీలో లేచి చదివారట. 'పరుపులాయనే ఇంత మాట అన్నాక మనం మొహమాటపడేదేంది' అన్నారట. మధుబాబు గారిని కోచ్ పదవి నుంచి తప్పించారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదట. కుర్రాళ్ళందరితో చేతులు కలిపి, తన సంచి తానే మోసుకుంటూ బస్టాండుకు నడిచి వెళ్ళారట.

మీరు కోరుకున్నదే జరిగింది కాబట్టి అభినందనలు చెప్పమన్నారు. చెబుతున్నాను. కానీ ఒక్క మాట అడగనివ్వండి. మిమ్మల్ని కలిసి వచ్చిన రోజు ఆయన ఆఫీసుకు వచ్చి, 'ఈ సీజన్లో నాతో మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే' అన్నారట. మర్నాడే మీరు అలా ఎలా రాయగలిగారు?

వనజాక్షి.

తా.క. కొత్త కోచ్ వచ్చారు. అరుస్తారు. ఏం అరుస్తున్నారో కుర్రాళ్ళకు అర్థం కావడం లేదు.


కొడవలూరు,
అక్టోబరు 7.

అమ్మా వనజాక్షీ,

నీ ఉత్తరం అందింది. తల్లీ, ఈసారి నేను రాసింది ఆట గురించి కాదు. పరుపు గురించి.

జరిగింది చెబుతాను. మీరు పరుపు అడిగినప్పుడు నాకు కోపంగా ఉంది. జట్టును నిద్రపుచ్చినవాడికి నేను మెత్తటి పరుపు కుట్టాలా అనుకున్నాను. పాత పరుపుల్లోంచి తీసిన గడ్డకట్టిన దూదీ, కొబ్బరి పీచూ కలిపి కుక్కేశాను. పడుకున్నవాడు అటు దొర్లినా ఇటు దొర్లినా ఎడమ డిఫెన్సు గురించి ఆలోచించి తీరాలని నా ఉద్దేశం. మా నాన్న నేర్పిన పనిలో నేను చేసిన ద్రోహం అదొక్కటే.

ఆయన బస్సు దిగి దుకాణానికి నడిచి వచ్చారు. బల్ల మీద కొయ్యబొమ్మలా నిటారుగా కూర్చున్నారు.

'పరుపు ఎట్టా ఉండాది సార్?' అని అడిగాను.

'బాగుండాది సాహెబ్ గారూ' అన్నారు.

తర్వాత కాస్త ముందుకు జరిగి, 'తూర్పు స్టాండు నుంచి చూస్తే మా ఎడమ పక్క ఎట్టా కనపడతా ఉండాదో చెప్పండి. బెంచీ కాడ నిలబడితే నాకు కాళ్ళు తప్ప ఏమీ కనపడవు' అన్నారు.

ఆట గురించి నన్ను ఎవరైనా అడిగి చెప్పించుకోవడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ నేను అడక్కుండానే చెప్పేవాణ్ణి. ఎడమ డిఫెన్సులో ఆడే ఆసిమ్ ముందుకు పోతే వెనక్కి రావడం లేదన్నాను. ఆయన తల ఊపారు. 'పిల్లోడికి కాలు మంచిది. ఇంతకుముందు బాగానే కుదురుకుంటా ఉన్నాడు. ఈమధ్య ఎందుకో బిగుసుకుపోయినాడు' అని బాధపడ్డారు. ఆమినాబీ తెచ్చిన టీ తాగి, లేచేటప్పుడు నడుము మీద చెయ్యి వేసుకున్నారు. ఆ చెయ్యి చూసి నేను తట్టుకోలేకపోయాను. ఆ పరుపు తీసేయమనే నీకు రాసింది.

దయచేసి ఇదంతా కమిటీకి చెప్పు. ఆయన్ను వెనక్కి పిలవండి. మంచి బూరుగు దూదితో కొత్త పరుపు సిద్ధంగా ఉంది. ఆయన ఊరు చెబితే నేనే తీసుకుపోతాను.

తలెత్తుకోలేని
ఇమామ్ సాహెబ్.

తా.క. ఆమినాబీ నాతో మాట్లాడడం లేదు. చెప్పాలనుకున్నదంతా చెంచమ్మతో చెబుతోంది. చెంచమ్మ దాన్ని వీధంతా వినిపిస్తోంది.


నెల్లూరు,
అక్టోబరు 14.

ఇమామ్ సాహెబ్ గారికి,

మీ ఉత్తరం తీసుకుని నేనే జయరామయ్య గారి దగ్గరికి వెళ్ళాను. చదివి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. 'పరుపు మీద రాసిన ఉత్తరం చూసి కోచ్‌ని తీసినామని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేం, ఇది ఇంతటితో పోనీయమ్మా' అన్నారు. మధుబాబు గారిని వెనక్కి పిలవరు. ఎలాగూ ఈ సీజను చివర్లో ఆయన్ను తీసేవాళ్ళేనని కూడా అన్నారు. అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నదో నాకు తెలియదు. మీరు నిజమనే అనుకోండి. తప్పు నాది కూడా. ఆ రోజు నేను సీట్లో ఉంటే మీ ఉత్తరం కమిటీ దాకా పోయేది కాదు.

ఆయనది మనుబోలు. హైవే పక్కన పెట్రోలు బంకు దాటాక రెండో సందు. వెళ్ళి రండి.

వనజాక్షి.

తా.క. నన్ను హాస్టలు సామాన్ల పని నుంచి తప్పించారు. ఇప్పుడు ఉత్తరాలు మాత్రమే చూస్తాను. దయచేసి నిదానంగా రాయండి.


కొడవలూరు,
అక్టోబరు 29.

అమ్మా వనజాక్షీ,

మనుబోలు వెళ్ళాను. పరుపును ఆటో పైన కట్టుకుని, దారంతా చేత్తో పట్టుకుని కూర్చున్నాను. మధుబాబు గారు వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. నన్ను చూసి పంపు ఆపి, లోపలికి రమ్మని కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాను. ఉత్తరం సంగతీ, పీచు సంగతీ, అన్నీ.

నాకు వేసిన కుర్చీలో ఆయనే కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

'ఆ పరుపు మీద నేను ఒక్కరోజు కూడా పడుకోలేదు సాహెబ్ గారూ. వచ్చిన రోజే ఆసిమ్‌కి ఇచ్చేసినా. వాడు చాప మీద పడుకుంటా ఉన్నాడు. నా నడుం నొప్పి నేను ఆడేటప్పటిది. దానికీ మీకూ సంబంధం లేదు.'

ఎడమ పక్క దన్ను లేదని, ఆ పరుపు పంపాక కూడా, తూర్పు స్టాండులో నిలబడి నేను అరిచిన అరుపులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ పిల్లవాడి వీపు విరగ్గొట్టింది నేను. వాడు వంగలేకపోతే తిట్టిందీ నేనే.

'మీరు ఒక్కరే కాదు' అన్నారు మధుబాబు గారు. 'పొద్దున్నే వంగలేకపోతా ఉంటే బద్ధకం అనుకొని నేను గ్రౌండు చుట్టూ పరిగెత్తించినా. ఏందిరా నీకు అని ఒక్క మాట అడిగింటే పోయేది. అడగలేదు.'

కొత్త పరుపు తనకు వద్దన్నారు. ఇద్దరం అదే ఆటోలో హాస్టలుకు పోయి ఆసిమ్‌కు ఇచ్చి వచ్చాం. ఆ పిల్లవాడు పాతదాన్ని గురించి ఎవరినీ తప్పుపట్టలేదు. 'సార్ ఇచ్చినారని దాని మీదే పడుకున్నా' అన్నాడు. నేను తల తిప్పుకున్నాను.

పోయిన శనివారం మధుబాబు గారిని నాతో మ్యాచికి రమ్మన్నాను. టోపీ పెట్టుకుని తూర్పు స్టాండులో నా పక్కన కూర్చున్నారు. ఎవరూ గుర్తుపట్టలేదు. వెనక వరుసలో ఒకాయన కొత్త కోచ్‌ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. 'జేబుల్లో చేతులు పెట్టుకోని పెళ్ళికొచ్చినట్టు ఎట్టా నిలబడినాడో చూడండి' అన్నాడు.

మధుబాబు గారు వెనక్కి తిరగలేదు. నాకు మాత్రమే వినపడేలా, 'చేతులు వణుకుతాయి సాహెబ్ గారూ. పిల్లోళ్ళు చూస్తే భయపడతారని జేబులో పెట్టుకుంటాం' అన్నారు.

ఆ తర్వాత నేను ఎవరినీ ఏమీ అనలేదు. ఆసిమ్ ఒకసారి ముందుకు పోయి, వెనక్కి కూడా వచ్చాడు. ఇద్దరం లేచి చప్పట్లు కొట్టాం. మా స్టాండులో ఇంకెవరూ కొట్టలేదు.

నీ క్షేమం కోరే
ఇమామ్ సాహెబ్.

తా.క. మనవాళ్ళు మూడు సున్నాతో ఓడిపోయారు. మధుబాబు గారు టోపీ సర్దుకుని గేటు దాటారు. బయట టీ బంకు దగ్గర ఆగి, 'అయినా సాహెబ్ గారూ, ఓడిపోతా ఉన్నప్పుడు ఫార్వర్డుని తీసి డిఫెండర్ని దింపుతారా ఎవరన్నా? ఒక ఉత్తరం రాద్దామా?' అన్నారు. నా దగ్గర పెన్ను లేదని చెప్పాను.