రేపు ఉదయమే అమలు కావలసిన అంశం

ఆకివీడు కాపురస్థుడను, చేపల చెరువుల రైతును, యాభై ఎనిమిదేళ్ళ వాడను అయిన శ్రీరంగనాయకులు అనే నేను, ఏలూరులో ఆస్పత్రి మంచం మీద కూర్చుని, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నాకు ఊపిరే తక్కువగా ఉంది గానీ తెలివికి లోటు లేదు.

టీబీకి మందులు వాడుతుండగా మూడో నెలలో నా కుడి ఊపిరితిత్తికి చిల్లు పడింది. గాలి ఛాతీలో చేరితే పక్కలో గొట్టం వేశారు. దాని కొస నీళ్ళ సీసాలో ఉంది, బుడగలు ఆగడం లేదు. రేపు ఆపరేషన్.

1. రెండు చెరువులూ, ఇల్లూ నా భార్య విజయకుమారికి. ఆమె తదనంతరం మా అమ్మాయి భావనకు.

2. చెరువు గట్టు మీది షెడ్డు, దాని కింది స్థలం కాపలా ఉండే ఎలీషాకు. ఊపిరాడక నేను గట్టున కూలబడితే చేపల ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి చేర్చింది అతనే. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు, పాపం ఏడుస్తూ.

3. మోటారు సైకిలు నా బావమరిది మధుబాబుకు. ఎప్పుడూ అడక్కుండా తీసుకెళ్ళేవాడు, ఇప్పుడు అడక్కుండానే ఇస్తున్నాను. ఈ మాత్రలే నన్ను తినేశాయని వాళ్ళక్కకి నూరిపోసి, పసరు సీసా తెచ్చింది కూడా ఇతనే. అక్క మీద ప్రేమతోనే అని తెలుసు. అయినా నా కోపం పోలేదు.

4. నా చేతి గడియారం భావనకు. చిన్నప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నిద్రపోయేది. ఈ వీలునామాకు అమలుకర్త కూడా ఆమే.

5. విజయా, ఇది నీకు. నా నుంచి నీకూ టీబీ అంటుకుంది. నేనిక్కడ చేరిన రోజు నుంచి నువ్వు మాత్రలు మానేసి కొంగున ముడేసుకుంటున్నావు. "మిమ్మల్ని ఇలా చేసినవి నేనెలా మింగనండీ" అన్నావు. ఇది మందు చేసింది కాదు. జబ్బు ముందే తినేసిన చోటు ఇప్పుడు పగిలిందని డాక్టరు గారు చెప్పారు. నేను వైద్యానికి ఆలస్యంగా వచ్చాను, నువ్వు వేళకే వచ్చావు. చెరువుకి మందు వేశాక నాలుగు చేపలు చచ్చి తేలితే, సగంలో మానేశామా మనం? మాత్రలు వేసుకోకపోతే ఆస్తి రాదని షరతు రాయిద్దామనుకున్నాను. మనసొప్పలేదు. అంతా నీదే. కానీ నువ్వు లేని ఇంటికి తిరిగి రావాలంటే నాకు భయం.

మొదటి నాలుగు అంశాలూ నా తదనంతరం అమలు కావాలి. ఐదోది మాత్రం నేను బతికుండగానే కావాలి. రేపు ఉదయం నన్ను తీసుకెళ్ళకముందే భావన దీన్ని వాళ్ళమ్మకు చదివి వినిపించాలి. డాక్టరు గారు మళ్ళీ మొదలుపెట్టమన్నారు కాబట్టి, గ్లాసుడు నీళ్ళిచ్చి నా కళ్ళ ముందే మాత్రలు వేయించాలి.

ఏలూరు, 14 జూలై 2025

(సంతకం) శ్రీరంగనాయకులు

సాక్షులు:
నిత్యానందం, పక్క మంచం పేషెంటు
ఫిన్నీ, స్టాఫ్ నర్సు

15 జూలై, ఉదయం: ఐదో అంశం అమలైంది. నాన్న చూశారు.
– భావన, అమలుకర్త