కాఫీకి పిలిచిన కేసు

2024 మార్చి 12, సాయంత్రం

నా చిన్ననాటి నేస్తం సింహాద్రిని పోలీసులు తీసుకెళ్ళేరు. వాడి గట్టు మీది కొబ్బరిచెట్టు పక్కనున్న రాఘవులు తోటలోకి వంగింది. రాలిన కాయలు ఎవరివని తగాదా. రాఘవులు కత్తి ఎత్తి మీదకొచ్చేడు. మావాడు కొబ్బరిమట్టతో చేతిమీద ఒక్కటిచ్చేడు. కత్తి నీళ్ళ బోదెలో పడింది. రాఘవులు వెనక్కి తిరిగేడు.

అక్కడితో అయిపోవాలి. మావాడు ఊరుకుంటే కదా! ఏవండోయ్ రాఘవులుగారూ, ఇంతదూరం వచ్చి కాఫీ తాగకుండా వెళ్ళిపోతారేంటండీ అన్నాడు. అని, రెండోది మోకాలికిచ్చేడు. ఎముక విరిగింది.

కంచె ఇవతలనుంచి చూసింది నేనొక్కణ్ణే. కాఫీ మాటకి నవ్వేను. దెబ్బ చూసేక ఆపేను.

మార్చి 15

మావాడి లాయరు జాయ్ వచ్చేడు. కుర్రాడు. సెల్ఫ్ డిఫెన్సేనండి, రెండు దెబ్బలూ ఒకే ఊపులో పడ్డాయనండి, ఆ కాఫీ మాట మాత్రం వద్దండి అన్నాడు.

నేను ఏడో క్లాసే గానీ, అమలాపురం కోర్టు వరండాలో చాలా చదివేను. ఐపీసీ సెక్షన్ నూట రెండు కంఠతా. భయం ఉన్నంతసేపే హక్కు. ప్రాణభయంతో ఉన్నవాడు కాఫీకి పిలుస్తాడా? ఆయ్, చూద్దాం లెండి అన్నాను.

మార్చి 16

ఎందుకో గన్నవరం పాత అక్విడెక్టు గుర్తొచ్చింది. కుర్రతనంలో నేనూ సింహాద్రీ రాజోలులో మ్యాట్నీ చూసి సైకిలు మీద డబుల్స్ వస్తున్నాం. చీకటి పడింది. కానిస్టేబులు ఆపి లైటేదిరా అన్నాడు. సూర్యుడుగారు డ్యూటీ దిగిపోయేరండి, మమ్మల్నేం చెయ్యమంటారు అన్నాడు సింహాద్రి.

సైకిలు స్టేషన్లో ఉండిపోయింది. ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచేం. ఆవేళ వాడు నోరు మూసుకునుంటే సైకిలు దక్కేది. నాకు చెప్పుకోడానికేం మిగిలేది కాదు.

2026 జనవరి 21

రేపు నా సాక్ష్యం. సింహాద్రి భార్య అచ్చాయమ్మ పనసపొట్టు కూర తెచ్చింది. అన్నయ్యగారూ, ఆ ఒక్క మాటా మర్చిపోండి, ఈ వయసులో ఆయన జైల్లో నేలమీద పడుకోలేరండీ అంది.

రెండు ముద్దలు తిని కూర పక్కన పెట్టేను. ఆవ ఘాటనుకున్నాను.

జనవరి 22

ముందు కత్తి ఎత్తింది రాఘవులేనని చెప్పేను. కత్తి పడిపోయిందనీ చెప్పేను. దెబ్బకీ దెబ్బకీ మధ్య మాటలేమైనా నడిచేయా అని సర్కారు లాయరు పీపీగారు అడిగేరు. ప్రమాణం చేసేనాయె. చెప్పేను.

కోర్టంతా నవ్వేరు. బోనులో సింహాద్రి కూడా. కాలు చాపుకుని కూర్చున్న రాఘవులొక్కడే నవ్వలేదు.

ఫిబ్రవరి 18

మొదటి దెబ్బ హక్కట. రెండోది నేరమట. ఏడాది జైలు. అప్పీలుకి బెయిలిచ్చేరు. అచ్చాయమ్మ మొహం తిప్పుకుంది.

మార్చి 3

వాళ్ళ వీధిలో తలొంచుకుని పోతున్నాను. అరుగు మీంచి సింహాద్రి కేక. ఏవండోయ్ ఏసుదాసుగారూ, కాఫీ తాగకుండా వెళ్ళిపోతారేంటండీ అని.

నా చెయ్యి మోకాలి మీదకెళ్ళింది.

కాఫీయే వచ్చింది.