తీసుకువెళ్ళే మనిషి రావాలి

ఏథెన్సు

చిరంజీవి సత్యనారాయణకు, మీ బావ విశ్వనాథం మనసారా దీవించి వ్రాస్తున్నది. నీవు, మా చెల్లెలు పార్వతి, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉన్నది? రావులపాలెంలో అరటి గెలలకు ఈసారైనా మంచి ధర పలికిందా? చేతిలో ఫోను ఉండగా బావ కాగితం మీద వ్రాయడమేమిటని అనుకుంటావు. దానికి కారణమున్నది, చెబుతాను.

ఇక్కడ మేము క్షేమమే. అమ్మాయి వాణి, అల్లుడు మమ్మల్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. అల్లుడిది ఓడల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం కనుక ఇల్లు రేవుకు దగ్గర. ఎండ మన ఎండలాంటిది కాదు. చెమట పట్టదు, పెదవులు పగులుతాయి. బియ్యం దొరుకుతుంది. పెరుగు కత్తితో కోయవచ్చు, అంత గట్టిది. గోంగూర మాత్రం లేదు. మాట్లాడే మనుషులూ లేరు. మెట్ల మీద ఎదురయ్యే పెద్దాయన రోజూ గుండె మీద చేయి వేసుకొని ఏదో అంటాడు, నేను "నమస్కారమండి" అంటాను. మా స్నేహం అంతవరకే. అయినా బాగానే ఉన్నాము, బెంగ పెట్టుకోకు.

ఇక మీ అక్కయ్య సంగతి. ఇక్కడికి తీసుకువచ్చేనాటికి ఉన్న మతిమరుపు ఇప్పుడు బాగా ముదిరింది. ఓడ కూత వినబడితే చాలు, కుచ్చిళ్ళు సర్దుకొని, చేతిసంచి పట్టుకొని గుమ్మంలో నిలబడుతుంది.

"పంటు వచ్చేసిందండీ. అమ్మ ఎదురుచూత్తా ఉంటాది. పొద్దుగూకితే అవతలికి ఎవరు దాటిత్తారు?"

ఆ కూత గోదావరి దాటించే మన పంటుదని, నీళ్ళకు అవతల మీ లంక ఉన్నదని, మీ అమ్మగారు అరుగు మీద కూర్చొని ఉన్నారని ఆమె నమ్మకం. మొదట్లో నిజం చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ, తల్లి పోయిన వార్త అప్పుడే విన్నట్లు ఏడ్చేది. అందుకని చెప్పడం మానుకున్నాను.

వాణి ఒకనాడు అన్నది: "నాన్నగారూ, దగ్గర్లో ఏజినా అనే దీవి ఉందండి. అమ్మని ఒక్కసారి పడవెక్కించి అవతలికి తీసుకెళ్దాం. దిగి నేల మీద నాలుగడుగులు వేస్తే మనసు కుదుటపడుతుందేమో." ఇంకొంత కాలానికి నడక కూడా తగ్గిపోతుందని డాక్టరుగారు చెప్పి ఉన్నారు. ఆలస్యం చేయరాదనిపించింది.

పాఠ్య ప్రణాళిక వేసుకున్నంత శ్రద్ధగా ఈ ప్రయాణానికి ప్రణాళిక వేశాను. అన్ని వైపులా మూసి ఉండే వేగపు పడవ వద్దన్నాను. కార్లను కూడా ఎక్కించుకొనే పెద్ద పడవ ఒకటున్నది. దాని ఇనుప తలుపును ఒడ్డు మీదికి దించుతారు, అచ్చం మన పంటు లాగే. ఉత్తరపు గాలి విసిరితే పడవలు ఆపివేస్తారు కనుక గాలి లేని రోజు చూశాము. ఎండ తగలని పక్కన కూర్చోవాలనుకున్నాము. పులిహోర, మంచినీళ్ళు, ఆమె మందులు సర్దుకున్నాము. నా లెక్కలో లోపం లేదనే అనుకున్నాను.

రేవులో ఆ ఇనుప తలుపు చూడగానే ఆమె ముఖం విప్పారింది. "అబ్బో, మన పంటు ఎంత పెద్దదైపోయిందండీ!" అన్నది. తీరా అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మా తమ్ముడేడండీ?"

"ఇంటి దగ్గరే ఉన్నాడు. పద, వెళదాం."

"తీసుకెళ్ళే మనిషి రాకుండా పుట్టింటికి ఎలా ఎల్తామండీ? పిలవని పేరంటమా? మొగుడు గెంటేశాడేమోనని ఊరంతా నవ్వుద్ది."

సత్యం, అన్నీ ఆలోచించాను, ఇది మరచాను. పెళ్ళయిన నాటి నుండి నీవు వచ్చి పిలిస్తేనే కదా ఆమె పంటు ఎక్కేది! తలకు తువ్వాలు చుట్టుకొని, అరటిపళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకొని, అక్కయ్య సిద్ధమయ్యేదాకా మా అరుగు మీద కూర్చొనేవాడివి. వాణి అక్కడి నుండే నీకు వీడియో కాల్ చేసింది. "అక్కా" అని నీవు ఎంత ఆప్యాయంగా పిలిచావో నేను విన్నాను. ఆమె అన్న మాట నీవూ విన్నావు.

"ఈ ముసలాయనెవరే? మా తమ్ముడికి ఇంకా మీసాలే రాలేదు."

నీవు నొచ్చుకోకు. నాయనా, ఆ మాట అన్నది మీ అక్కయ్య కాదు, జబ్బు.

ఇనుప తలుపు పైకి లేచింది, పడవ వెళ్ళిపోయింది. రేవులో బల్ల మీద కూర్చొని పులిహోర తిన్నాము. వాణి మంచినీళ్ళ నెపంతో అవతలికి వెళ్ళి కళ్ళు తుడుచుకొని వచ్చింది. మీ అక్కయ్య నా వంక చాలాసేపు చూసి, కొంగు భుజం నిండా కప్పుకొని, ఎంతో మర్యాదగా అడిగింది:

"చదువుకున్నవారిలా ఉన్నారు. మాస్టారా అండీ?"

"అవునమ్మా" అన్నాను.

"మా తమ్ముడికో ఉత్తరం ముక్క రాసిపెడతారా?"

అందుకే, సత్యం, ఈ కాగితం.

గాలులు తగ్గాక మళ్ళీ ప్రయత్నిద్దామని వాణి అంటున్నది. నీ మోకాళ్ళతో ఇంత దూరం రమ్మని అడగను. ముఖం కనబడకుండా గొంతు మాత్రం రికార్డు చేసి పంపు. మా గుమ్మంలో నిలబడి పిలిచేవాడివే, "అక్కా, అమ్మ తీసుకురమ్మంది" అని, అలాగే పిలువు. తమ్ముడు ముందే ఎక్కి పడవలో నుండి పిలుస్తున్నాడని చెబుతాను. అబద్ధమాడిన పిల్లలను బల్లెక్కించి నిలబెట్టినవాణ్ణి, ఇప్పుడు అబద్ధాన్ని వల్లె వేసుకుంటున్నాను. అవతల దిగాక "అమ్మ ఏదీ?" అంటే ఏమి చెప్పాలో ఇంకా తెలియదు. ముందు పడవ ఎక్కనీ. వీలైతే పుట్టింటి చీర ఒకటి, పసుపు కుంకుమలతో పంపు.

మీ పినతండ్రిగారికి మా నమస్కారాలు తెలిపి, ఈ ఒక్క ప్రయాణం సాగేలా దీవించమని కోరు. పార్వతికి, పిల్లలకు మా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మేలు కోరే బావ,
విశ్వనాథం

తా.క. రేవులో ఆమె చెప్పగా వ్రాసుకున్నది ఇది. ఒక్క అక్షరమూ దిద్దలేదు.

"తమ్ముడూ, పంటు వచ్చి వెళ్ళిపోతా ఉంది. నువ్వొచ్చి తీసుకెళ్ళు. అమ్మకి చెప్పమాక, బెంగెట్టుకుంటాది. నాకిక్కడ కష్టమేం లేదు. ఒక మాస్టారు ఉన్నారు. పాపం, ఆయనకెవరూ లేనట్టున్నారు. నన్ను బాగానే చూసుకుంటన్నారు."