తమ్ముడే చదివి వినిపించాల్సిన ఉత్తరం

అమ్మకు నమస్కారం.

నేను బాగున్నాను. నీ మోకాలు ఎట్లా ఉంది? మాత్రలు మానలేదు కదా? ఈ ఉత్తరం తమ్ముడి చేతే చదివించుకో. ఫోన్‌లో అయితే "సరే అక్కా" అని కట్ చేస్తాడు. కాగితమైతే నీ ముందు కూర్చుని నోటితో పలకాలి. ఒరేయ్ నాగరాజూ, మధ్యలో వాక్యాలు మింగకు. అమ్మా, వాడి గొంతు తగ్గితే గట్టిగా చదవమను.

అమీర్‌పేటలో ఒకటే వానలు. మెట్రో కింద నీళ్ళలో నడిచి జిరాక్స్ షాపుకు పోతున్నాను. హాస్టల్ సాంబారు కూడా ఆ నీళ్ళలాగే ఉంటుంది. అయినా తింటున్నాను, దిగులు పడకు. మా సేటు కొత్త మెషిన్ తెచ్చి, "మీ తమ్ముడిని రమ్మను బేటా, పని నేర్పిస్త" అన్నాడు. ఆర్నెల్లుగా నువ్వు అడుగుతున్నది అదే కదా. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను.

అంతలో ఎస్.ఆర్. నగర్‌లో నా హాస్టల్ గదిలోకి మౌనిక అనే పిల్ల వచ్చింది. మన ఊరే, నీళ్ళ ట్యాంకు వెనక సందు. పని వెతుక్కుంటోంది. నేనెవరి కూతురినో తనకు తెలియదు. ఆదివారం తలలు ఆరబెట్టుకుంటూ, "ఊరిడిసి ఎందుకొచ్చినవ్?" అని అడిగాను.

"ఉండనిస్తే గద అక్కా! అరుగు మీద పిల్లలకు ట్యూషన్ చెప్తుంటి. సాయంత్రమైతే కొందరు పోరగాండ్లు సైలెన్సర్లు పీకేసిన బండ్లేసుకొని సందుల తిరుగుతరు. మా నాయనకు పక్షవాతం. ఆ సప్పుడుకు మంచంల ఉచ్చ పోసుకుంటుండె. కిటికీల నుంచి సూసి నవ్వుతుండిరి. వద్దన్నందుకు అరుగు మీద బీరు సీసాలు పగలగొట్టిన్రు. ఇగ పిల్లల్ని ఎవరు పంపుతరు? నాయనను మేనత్త ఇంట్ల ఇడిసి వచ్చిన."

"ఎవరు వాళ్ళు?"

"అందరి పేర్లు తెల్వవు. వాళ్ళల్ల పెద్ద మొనగాణ్ణి సౌండ్ అంటరు. సౌండ్ వచ్చిండంటే తలుపులేసుకునుడే."

అమ్మా, పోయిన నెల ఎంత మురిసిపోయావు! "మనోన్ని ఊరంత సౌండ్ అంటున్నరే, మైక్ సెట్ పనిల మస్తు పేరొచ్చింది" అన్నావు. నేనూ నవ్వాను. షాపులో గొప్పగా చెప్పుకున్నాను. ఆ పేరు వింటే జనం తలుపులు వేసుకుంటారని మనిద్దరికే తెలియలేదు.

నాగరాజూ, ఆగకు, చదువు. "ఏదో సరదాకి" అంటావు. లేవలేని మనిషి పక్క తడిపించడమా నీ సరదా? దమ్ముంటే పంజాగుట్ట చౌరస్తాలో మోగించు. నీ సైలెన్సర్‌ను పోలీసులు రోడ్డు రోలర్ కింద వేస్తారు. అది తెలిసే రోగి ఇల్లు వెతుక్కున్నావు. పిరికివాడివిరా నువ్వు. నీకు అక్కనని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

షాపులో ఆ పని మౌనికకు ఇప్పించాను. నువ్వు రావద్దు. వచ్చినా నా గడప ఎక్కనివ్వను. అమ్మా, నువ్వు ఏడ్చినా నా మాట మారదు.

మొదటి రోజు పనయ్యాక, సౌండ్ మా తమ్ముడేనని తనకు చెప్పేశాను. ఆ రాత్రే పెట్టె తీసుకుని వేరే గదికి మారిపోయింది. ఇప్పుడు నా పక్క మెషిన్ దగ్గరే నిలబడుతుంది. నన్ను అక్కా అనడం మానేసింది. మేడమ్ అంటోంది.

నాయనమ్మకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. వేళకు తిను. నన్ను దీవించమ్మా, వాడికి వినబడేటట్టు.

నీ బిడ్డ,
లత