జ్వరం బాలింత పాలు

కర్నూలు
1918 అక్టోబరు

నా చేయి పట్టి అక్షరాలు దిద్దించిన విశ్వాసమ్మక్కకు,

మంచం మీద నుంచే రాస్తున్నాను. రాత వంకర పోతే ఏడ్చాననుకోకు, చేతిలో సత్తువ లేదు. ఆడపిల్ల పుట్టిందన్న కబురు బద్వేలుకు చేరే ఉంటుంది. ఆ తరువాతి సంగతి నీకు తెలియదు. పురుడు పోసుకున్న వారానికే, ఈ ఊరిని తినేస్తున్న గాలిజ్వరం నాకూ తగిలింది. మా వీధిలో మనిషి పడని ఇల్లు లేదు. హంద్రి ఏటి ఒడ్డున శవాలకు గుంతలు తవ్వడానికి కూలివాళ్ళు దొరకడం లేదట.

జ్వరం సంగతి తెలిసిన సాయంత్రమే మా అత్త గురమ్మ బిడ్డను నా పక్కలోంచి తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయింది. ఈ ఏడు వానలు లేక పశువులు వట్టిపోయాయి గదా. ఎక్కడెక్కడో తిరిగి కాసిని గేదెపాలు సంపాదించి, నీళ్ళు కలిపి కాచి, ఉగ్గుగిన్నెతో పోస్తున్నది. అవి బిడ్డకు పడడం లేదు. తాగినదంతా కక్కుతున్నది. పైగా విరేచనాలు. మొదట్లో దాని ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది. ఇప్పుడు నేను ఊపిరి బిగపట్టి ఆలకిస్తే గాని వినబడడం లేదు. నాకేమో పాలు చేపుకొచ్చి రొమ్ములు రాళ్ళయ్యాయి. నొప్పికి తాళలేక పాత గుడ్డలోకి పిండి పారేస్తున్నాను. బిడ్డ ఆకలితో అల్లాడుతుంటే దాని తిండిని నేలపాలు చేస్తున్నానక్కా.

“అత్తా, ఒక్కసారి ఇవ్వు” అని బతిమాలాను.

“నీ ఒళ్ళంతా ఇసం పాకిండాది. ఆ పాలు దానికి పోస్తావా? నీకు మతి ఉండాదా, లేదా?” అంది.

నిన్న ఆసుపత్రి డాక్టరు దొరసాని మా వీధికి వచ్చింది. “జ్వరం పాలలో పోదు. దగ్గులో, తుమ్ములో పోతుంది. ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని పాలివ్వు. తాగగానే బిడ్డను వేరే చోట పడుకోబెట్టు” అని చెప్పింది.

“ఖాయమేనా అమ్మా?” అని అడిగాను.

“ఈ జ్వరం నాకూ కొత్తే. నా బిడ్డయితే మాత్రం ఇలాగే చేస్తాను” అంది.

ఆమె అటు వెళ్ళగానే అత్త, “ఆయమ్మ చెప్పి పోతాది. బిడ్డకేమన్నా అయితే యాడికి పోయి అడుగుతావు?” అంది.

అక్కా, నీకు తప్ప ఎవరికీ చెప్పలేని మాట ఒకటుంది. అత్త మాటే నిజమైతే? నా రొమ్ము మీదే బిడ్డ ప్రాణం పోతే, యుద్ధానికి పోయి బస్రాలో పటాలంతో ఉన్న ఆయనకు ఏమని రాయను? ఆ భయంతోనే ఇంతవరకూ ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదు. తెల్లవారగానే బిడ్డను ఇమ్మని అడుగుతాను. ఇవ్వకపోతే లాక్కుంటాను. మా కోసం ప్రార్థన చెయ్యి.

నీ కృపమణి

కర్నూలు
1918 నవంబరు

అక్కా,

“తొందరపడకు” అని రాశావు. ఆ జవాబు చేరేసరికే తొందరపడ్డాను.

ఆ పొద్దున గోడ పట్టుకుని వసారాలోకి వెళ్ళాను. బిడ్డ ఏడవడం కూడా మానేసింది. పెదవులు ఎండిపోయాయి. అత్త దాన్ని ఒళ్ళో దాచుకుని అటు తిరిగింది.

“ఇయ్యత్తా.”

“ఇయ్యను.”

చేయి చాచాను. ఆమె నా చేతిని తోసేసింది. తోసేసి, ఉన్నట్టుండి భోరుమంది.

“నీ మొగునికంటే ముందు నాకొక కొడుకుండె. బాలింతగా జ్వరమొస్తే, ఆ జ్వరంలోనే పాలిచ్చినా. వాడు పోయినాడు. మా అత్త వాకిట్లో నిలబడి, పాలిచ్చి సంపిందని అందరికీ చెప్పె. ఆ మాట మళ్ళా ఈ ఇంట్లో వినలేనమ్మా.”

ఆయనకు ఒక అన్న ఉండేవాడని ఈ ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

“ఆ బిడ్డ ఎందుకు పోయినాడో నాకు తెలీదత్తా. ఈ బిడ్డ మాత్రం ఆకలితో పోతాండాది. అది నీకూ కనబడతాండాది” అన్నాను.

అత్త లేచి, ఉతికిన చీర కొంగు చించి, నా ముక్కూ నోరూ గట్టిగా కట్టింది. చేతుల మీద నీళ్ళు పోసింది. బిడ్డకు చీకే ఓపిక లేదు. అత్తే నా పాలు చుక్క చుక్కగా దాని నోట్లోకి పిండింది. మొదటి చుక్కలు చెంప మీదుగా జారిపోయాయి. మళ్ళీ పిండింది. అవీ జారిపోయాయి. ఇక లేదేమోనని నేను కళ్ళు మూసుకున్నాను.

“గుటక ఏసింది మే! సూడు, గుటక ఏసింది!” అని అత్త అరిచింది.

ఇంకాసేపటికి అది రొమ్ము పట్టింది. నాకు దగ్గు పొంగుకొచ్చినప్పుడల్లా అత్త బిడ్డను లాక్కునేది, తగ్గాక మళ్ళీ అందించేది. కడుపు నిండగానే వసారాలోకి తీసుకుపోయేది. ఒకనాడు బిడ్డ ఒళ్ళు వెచ్చగా తగిలింది. ఇద్దరికీ తెలిసింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. సాయంత్రానికి ఆ వేడి తగ్గింది. నా జ్వరమూ దిగిపోయింది. ఇప్పుడు బిడ్డ ఏడిస్తే వీధంతా వింటున్నది.

నిన్న పక్కింటి మాబున్నీసాకు జ్వరం వచ్చింది. ఆమెకూ పాలుతాగే బిడ్డే. వాళ్ళ అత్త దౌలత్ బీ ఆమెను లోపలి గదిలో పెట్టి గడియ వేసి, బిడ్డను వేరు చేసిందని తెలిసి నేను బయలుదేరబోయాను. “నువ్వుండు” అని మా అత్తే లేచింది. గుడ్డ, సబ్బు పట్టుకుని వెళ్ళి, వాళ్ళ గుమ్మంలో నిలబడి, వీధికంతా వినబడేలా చెప్పింది.

“దౌలత్ బీ, బిడ్డను తల్లికాడికి తీసకపో. గుడ్డ నేను కడతా. నా కొడుకును నా పాలే సంపినాయని ఇన్నేండ్లూ అనుకొని బతికినా. నిజమో కాదో దేవునికే తెలుసు. నీ కోడలికి మాత్రం ఆ మాట అంటించొద్దమ్మా.”

ఆ ఇంటి లోపలి గది తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది.

నీ చెల్లెలు,
కృపమణి