కాంటా ఎక్కే మనుషులు

అల్ హైల్, మస్కట్
డిసెంబరు 1996

గంగామణికి,

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా బాగున్నారని నువ్వు మొదటి వరుసలోనే రాశావు. ఆ తర్వాత రాసిన రెండు పేజీలూ చదివాక మనం నిజంగా బాగున్నామో లేదో నాకు తెలియడం లేదు. జవాబు రాద్దామని కూర్చోవడం, పెన్ను మూసి లేవడం, వారమంతా ఇదే పని. ఈ రోజు శుక్రవారం. లాయంలో సందడి లేదు, మధ్యాహ్నం వంట అయిపోయింది. ఇవాళైనా రాసి తీరాలని కూర్చున్నాను.

ఊరి నుంచి వస్తూ కుమార్ తెచ్చిన సంచి అందింది. నువ్వుల పొడి డబ్బా మూత ఊడి బట్టలన్నీ నువ్వుల వాసన. దులపబుద్ధి కాలేదు. అమ్మ మోకాలికి నూనె సీసా కొని పెట్టాను, వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపుతాను. చలి మొదలైందా అని అడిగావు. పొద్దున వాళ్లు గుర్రాలను బయటికి తీసే వేళకు స్వెటర్ కావాలి, ఎండ ఎక్కితే అక్కర్లేదు. నేను వేళకు తింటున్నానా అని కూడా అడిగావు. వంటవాడిని, నాకు తిండికి కొదవేమిటి? కానీ ఈ మధ్య తినడం అన్న మాట వింటేనే ఎలాగో ఉంటున్నది.

ఇక మన నవీన సంగతి. ఇంకాస్త బరువు తగ్గితే జాతీయ పరుగు పోటీల్లో పతకం ఖాయమని హాస్టల్‌లో కోచ్ చెప్పాడనీ, దసరా సెలవులకు వచ్చిన పిల్ల సగం రొట్టె తిని కంచం పక్కకు జరిపిందనీ, బతుకమ్మ ఆడుతూ ఆడుతూ మధ్యలోనే కూలబడిందనీ రాశావు. ఎండాకాలం నుంచీ నెలసరి రావడం లేదట. పరుగెత్తే ఆడపిల్లలకు అది మామూలేనని కోచ్ అన్నాడట. బాపుకు చెప్పొద్దని నీ చేత ఒట్టు వేయించుకున్నదట. పోటీలు వచ్చే నెలలో ఉన్నాయి, ఇప్పుడు ఇంటికి తెచ్చేస్తే హాస్టల్‌లో సీటు పోతుంది, జన్మంతా నా ముఖం చూడదేమో, ఏం చెయ్యాలో నువ్వే చెప్పు అని అడిగావు.

ఏం చెప్పను గంగామణీ? పేపర్లో దాని ఫోటో వచ్చినప్పుడు బిడ్డ ఎంత సన్నగా, ఎంత చురుగ్గా ఉందో చూడండని రూమ్‌లో అందరికీ చూపించి మురిసిపోయింది నేనే. నేను ఏ ముఖంతో చెప్పాలి? అయినా ఇక్కడ జరిగిన ఒక సంగతి నీకు చెప్పకుండా నేను జవాబు రాయలేను.

మా లాయంలో బిలాల్ అని ఒక జాకీ ఉండేవాడు. హైదరాబాద్ మలక్‌పేట పిల్లాడు, ఇరవై ఆరేళ్లు ఉంటాయి. అక్కడ పందేలు గెలిచి పేరు తెచ్చుకుంటే లాయం యజమాని, మా అర్బాబ్, ఇక్కడికి పిలిపించుకున్నాడు. రీమ్ అనే బూడిద రంగు గుర్రం ఎవరినీ మీదికి రానిచ్చేది కాదు, అతను వస్తే మాత్రం మెడ వంచేది. నన్ను నర్సన్నా అని పిలిచేవాడు. నాతో మాట్లాడాలంటే ఉర్దూ కలిపిన తెలుగే.

జాకీలను పందేనికి ముందు కాంటా మీద నిలబెడతారు. గుర్రానికి ఇంత మోయాలని రాసిన బరువు కన్నా ఎక్కువ ఉంటే దాన్ని ఇంకొకరు ఎక్కుతారు. అందుకని బిలాల్ పాలు లేని టీ తాగి రోజులు గడిపేవాడు. ఎండలో ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరుగెత్తేవాడు. ఒక్కోసారి మాత్రం వంటింటికి వచ్చి గిన్నెడు బిర్యానీ ఒక్కడే తినేవాడు. చూసి నేను సంతోషపడేవాణ్ణి. ఒక రోజు చెత్త పారేయడానికి వెనక్కి వెళితే, గోడ పక్కన వంగి నోట్లో వేళ్లు పెట్టుకుని తిన్నదంతా కక్కుతున్నాడు. అతని వేళ్ల కణుపుల మీద కాయలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

నన్ను చూసి సిగ్గుపడలేదు. మూతి కడుక్కుని, "ఇది బీమారీ కాదు నర్సన్నా. నా పనే గిట్లుంటది. ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను.

పూణే నుంచి వచ్చిన ట్రైనర్ సాబ్‌కు ఇదంతా తెలియదని నేను అనుకోను. ఆయన ఎప్పుడూ అడగలేదు. కాంటా సరిగ్గా చూపిస్తే ఆయనకు చాలు. పెద్ద పందేనికి వారం ముందు బిలాల్ కాంటా మీది నుంచి దిగుతూ కళ్లు తిరిగి పడ్డాడు. ఎండదెబ్బ అని ముఖం మీద నీళ్లు చల్లి, లేవగానే మళ్లీ గుర్రం ఎక్కించారు.

తర్వాత ఎవరో డాక్టరుకు చెప్పారు. బౌషర్‌లో క్లినిక్ నడిపే రామసుబ్బయ్య గారు, మన తెలుగాయనే, కడప ఆయన. లాయంలో అందరినీ ఆయనే చూస్తాడు. బిలాల్‌ను పిలిచి అడిగితే అంతా అబద్ధమన్నాడు. రక్తం తీసి చూస్తే ఒంట్లో ఉండాల్సిన లవణాలు లేవు, గుండె కొట్టుకునే లయ కూడా తప్పింది. డాక్టరు మా వంటింట్లో టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "నేనెవరికి డాక్టర్నో నాకే తెలీడంలేదు నర్సింగూ. నాకు జీతమిచ్చేది అర్బాబు. నేను నాడి పట్టుకునేది వీనిది. పైకి చెప్తే వీని బతుకుదెరువు పోతాది. చెప్పకుంటే మనిషే పోతాడేమో" అన్నాడు. టీ చల్లారిపోయింది. చివరికి ఈ మనిషి స్వారీకి పనికిరాడని రాసిచ్చాడు.

అర్బాబ్ మంచివాడే. ఇంటికి వెళ్లి ఆరోగ్యం బాగుచేసుకొమ్మని టికెట్ తీయించాడు. పందెంలో రీమ్ మీద ఒక సూడాన్ అతను కూర్చున్నాడు. రీమ్ గెలిచింది. బిలాల్ కంచె దగ్గర నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. అతని వైపు నేను చూడలేకపోయాను.

చెప్పింది ఎవరా అని అతను ఆలోచించి ఆలోచించి ఇనాయత్ మీద అనుమానపడ్డాడు. ఇనాయత్ గుర్రాలను కడిగి మేత వేసే మనిషి. ఇద్దరిదీ ఒకే రూమ్, ఒకే కంచంలో తిన్న స్నేహం. బిలాల్ అతనితో మాటలు బంద్ చేశాడు. నేను కాదని ఇనాయత్ ఖురాన్ మీద ప్రమాణం చేసినా నమ్మలేదు.

గంగామణీ, డాక్టరుకు చెప్పింది నేను.

ఇన్నాళ్లూ నీకు కూడా రాయలేదు. బిలాల్ వంటింటికి వచ్చి నువ్వా అని అడిగితే, నాకేం తెలుసు అన్నాను. మాట తప్పినందుకు కాదు, అతని ముఖం చూసి భయపడ్డాను. నిందను ఇనాయత్ మోస్తుంటే చూస్తూ రొట్టెలు కాల్చాను. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. నవీన సంగతి చదివాక మరి ఉండలేకపోయాను. బిలాల్ వెళ్లే ముందు రోజు వాళ్ల రూమ్‌కు వెళ్లి, ఇద్దరి ముందూ నేనే చెప్పానని చెప్పాను. ఇనాయత్ లేచి బయటికి పోయాడు. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

బిలాల్ అంగీలు మడత పెడుతూనే ఉన్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఇంకో అంగీ చేతిలోకి తీసుకుంటూ, "చెప్పకపోతే సచ్చేటోణ్ణేమో. చెప్పినవ్, బతికిన. బతికి ఏం జెయ్యాల్నో నాకు సమజైతలేదు" అన్నాడు. మళ్లీ అన్నాడు, "ఇప్పుడు కాంటా లేదు. ఏమన్న తినొచ్చు. ఎట్ల తింటరో మర్చిపోయిన నర్సన్నా."

పెసరపప్పు వేసి మెత్తగా కిచిడీ వండి తీసుకెళ్లాను. పక్కన కూర్చున్నాను. చిన్న పిల్లాడిలా నాలుగు ముద్దలు తిన్నాడు. ఆ తర్వాత లేచి బయటికి వెళ్లాడు. గోడ వెనక్కి వెళ్లాడో, చెయ్యి కడుక్కోవడానికే వెళ్లాడో నేను లేచి చూడలేదు. చూడాల్సిందా, చూడకపోవడమే మంచిదా, నాకు ఇప్పటికీ తెలియదు.

ఇది ఇంతటితో అయిపోలేదు. సూడాన్ అతన్నే ఇప్పుడు పనిలో పెట్టుకున్నారు. ట్రైనర్ సాబ్ నన్ను పిలిచి, నీకు ఈ విషయాలు తెలుసు కదా, ఇతను ఎంత తింటున్నాడో, కక్కుతున్నాడో ఏమో చూసి నాకు రోజూ చెప్పు అన్నాడు. మంచికే అంటున్నాడా, కాంటా కోసం అంటున్నాడా? నేను వండుతాను సాబ్, అతని కంచం కావలి కాయలేను అన్నాను. అన్నాక మళ్లీ అనుమానం. బిలాల్ విషయంలో చెప్పినవాణ్ణి, ఇతని విషయంలో ఎందుకు చెప్పనన్నాను? రేపు ఇతను పడిపోతే?

అందుకే నవీనను ఇంటికి తీసుకురా అని రాయలేను, ఉండనీ అని కూడా రాయలేను. కోచ్ చెడ్డవాడని కూడా అనలేను. పతకం మనకు మాత్రం వద్దా? పరుగు లేకపోతే అది నవీనలా ఉంటుందా? అయితే ఒంట్లో నుంచి నెలనెలా రావాల్సింది ఆగిపోతే అది మామూలెలా అవుతుంది? ఎంత ఆలోచించినా ఒక కొస దొరికితే ఇంకోటి జారిపోతున్నది.

ఒక్క పని చెయ్యి. హాస్టల్‌కు వెళ్లు. కోచ్ దగ్గరికి కాదు, ముందు దాని దగ్గరికి. ఒట్టు తప్పి బాపుకు రాశానని నువ్వే దాని ముఖం చూసి చెప్పు. ఇంకొకరి నోటి వెంట తెలియనివ్వకు. కోపం చేస్తే పడు. తర్వాత దాన్ని వెంటబెట్టుకుని లేడీ డాక్టర్ దగ్గరికి పో. లోపలికి నేను కూడా రావాలా అని దాన్ని అడుగు, వద్దంటే బయట కూర్చో. డాక్టరు పోటీలకు వద్దంటే ఆ మాట దానికే చెప్పమను. సీటు పోతే పోనీ అని నేను అంటున్నాను. కానీ ఆ సీటు నాది కాదు, దానిది. అక్కడే నాకు చెయ్యి ఆడడం లేదు. పదిహేడేళ్ల పిల్ల మాట ఎంతవరకు వినాలి, ఎక్కడ మనం పెద్దవాళ్లం కావాలి? నీకు తెలిస్తే రాయి.

సెలవు అడిగాను. రంజాన్ దాటాక చూద్దామన్నారు.

ఈ ఉత్తరం అందిన తర్వాత వచ్చే ఆదివారం, వీలైతే నవీనను హాస్టల్ పక్కన ఫోను బూత్‌కు తీసుకురా. ఆ నంబరు నా దగ్గర ఉంది, ఉత్తరం ఎప్పుడు అందుతుందో తెలియదు కాబట్టి ప్రతి ఆదివారం పొద్దున నేనే చేస్తాను. పోటీల గురించి అడగను, ఏం తిన్నావని అడగను. అది తిడితే వింటాను. ఏడిస్తే వింటాను. ఏమీ మాట్లాడకపోయినా సరే, లైను దానంతట అది తెగేదాకా నేను మాత్రం ఫోను పెట్టనని దానికి చెప్పు.

ఇట్లు,
నవీన బాపు
నర్సింగ్