ప్రార్థన లేకుండా వెళ్లిన బండి

మస్కట్,
శనివారం సాయంత్రం.

కన్నతల్లి తర్వాత నన్ను తల్లిలా సాకిన మేరమ్మక్కకు, ప్రభువు నామంలో నీ తమ్ముడు దేవసహాయం వందనాలు.

అక్కా, నువ్వూ బావా పిల్లలూ క్షేమమని తలుస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆదివారం మదనపల్లె నుంచి పుంగనూరు మందిరానికి బస్సులో సీటు దొరుకుతోందా, నిలబడే పోతున్నావా? మన సంఘపెద్ద యాకోబప్పకు దగ్గు తగ్గిందా? టమోటా ధర లేచిందా, బావ ఈసారైనా నాలుగు రాళ్లు చూశాడా? కుప్పంలో నీ మరదలు సుగుణ వాళ్లమ్మ దగ్గర బాగానే ఉన్నానంటుంది. ఆమె ఎప్పుడూ బాగానే ఉన్నానంటుంది కాబట్టి నువ్వొకసారి వెళ్లి కళ్లారా చూసి రా. నేను ఇక్కడ బాగున్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, ఒంటికి ఏ జబ్బూ లేదు. నా గురించి దిగులు వద్దు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపిస్తావు. ఈ మాటలు ముందు నువ్వొక్కదానివే చదవాలి. నా గదిలో ఉండే గంగవరం రెడ్డప్ప సెలవు మీద ఊరికి వస్తున్నాడు. అతని చేతికే ఇస్తున్నాను.

పోయినసారి నువ్వు అడిగావు గదా: "ఒప్పందం అయిపోతాండాది, సంఘమంతా నీకోసరం కాసుకోనుండాది. ఎప్పుడొస్తావు, ఏ ఆదివారం వాక్యానికి నిలబడతావు, సెప్పు" అని. నేను లైను సరిగా లేదన్నాను. లైను బాగానే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. కానీ నేరుగా రాయడానికి చేయి రావడం లేదు. ఇక్కడి సంగతులు కొన్ని రాసి, మెల్లగా అక్కడికి వస్తాను.

మా కంపెనీ పెద్ద పెద్ద మోటారు సైకిళ్లు అద్దెకిస్తుందని నీకు తెలుసు. చలిదేశాల వాళ్లు విమానం దిగి, ఇక్కడ బండెక్కి, ఎడారి మీదుగా సలాలా అనే ఊరి దాకా పోయి, సముద్రం పక్కనున్న దారిన తిరిగొస్తారు. మనకు బండంటే పాల క్యాన్లు మోసేది, పొలానికి పోయేది, ఆసుపత్రికి పరుగెత్తేది. వీళ్లకు బండి మీద కూర్చోవడమే పని, చేరాల్సిన చోటంటూ ఏమీ లేదు. నా పని, వచ్చినవాళ్ల ఒంటికి సరిపడే బండి చూపించడం. వాళ్లు బయల్దేరాక సామాను పికప్‌లో వేసుకుని వెనకాలే నడపడం.

బండి ఎంచడం ఒక విద్య అక్కా. అందరూ ముందు మెత్తని సీటు చూసి మోసపోతారు. మెత్తని సీటు అబద్ధ ప్రవక్త లాంటిది. మొదటి గంట తీయగా మాట్లాడుతుంది, మధ్యాహ్నానికి తుంటి ఎముకలను పిండి చేస్తుంది. కొంచెం గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటే సాయంత్రం దాకా నిజం పలుకుతుంది. హ్యాండిలు మన దగ్గరికి రావాలి గానీ దాని కోసం మనం సాగిలపడకూడదు. సాగిలపడవలసింది ఒక్కరి ముందే గదా. ముందున్న అద్దం గాలిని తల పైగా పంపేయాలి. రోజంతా ఎదురుగాలి తిన్నవాడు సాయంత్రానికి ఎవరో చావబాదినట్టు కూలబడతాడు. అన్నిటికంటే ముఖ్యం, బండి ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలి.

ఇవన్నీ నేను పుంగనూరులో వాక్యం చెప్పినట్టే, చేయెత్తి, గొంతు పెంచి చెప్తాను. వచ్చీరాని ఇంగ్లీషే అయినా వింటారు. "నువ్వు మాట్లాడితే బండి తీసుకోకుండా ఎవురూ పోరు" అని మా మేనేజరు మెచ్చుకున్నాడు. అతను హోసూరు వాడు, తెలుగు బాగా వచ్చు. మెచ్చుకోలు విని నవ్వాను గానీ లోపల ఏదో తెగింది. ఆత్మల కోసం ఇచ్చిన నాలుక, బండ్లు అద్దెకివ్వడానికి మాత్రమే లేస్తోంది.

ఎందుకలా అయిందో నాకూ సరిగా తెలియదు. హైమా అనే ఊరు దాటాక రోడ్డు గీత గీసినట్టు పోతూనే ఉంటుంది. చెట్టు లేదు, గుట్ట లేదు. మన నిమ్మనపల్లె దారిలో కంటికి ఆనడానికి బండరాళ్లయినా ఉంటాయి. వచ్చిన కొత్తలో ఆ దారిలో పికప్ నడుపుతూ, అద్దాలెత్తుకుని, స్టీరింగు మీద గుద్దుతూ గొంతు బొంగురుపోయేదాకా వాక్యం చెప్పేవాణ్ని. అద్దానికి అవతల ఎవరూ ఆమేన్ అనలేదు. ఏలీయా ప్రవక్తకు ఎడారిలో నీడనిచ్చే చెట్టు దొరికింది, రొట్టె దొరికింది, చివరికి మెల్లని స్వరం దొరికింది. నాకు ఏసీ చప్పుడు దొరికింది.

ఏ రోజు ఆగిపోయిందో గమనించలేదు. ఒకసారి పెట్రోలు పోయించుకుంటుండగా తట్టింది, పొద్దున్నుంచీ దేవునితో ఒక్క మాటా అనలేదని. అప్పుడైనా అందామంటే అనడానికి ఏమీ కనబడలేదు. ఇక్కడ తెలుగువాళ్ల ప్రార్థన కూడిక ఉంది, శుక్రవారం. మా ప్రయాణాలు బయల్దేరేదీ శుక్రవారమే. వీలైనప్పుడు వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. అందరూ ఏడుస్తూ పాడుతున్నారు, నేను చెప్పులు ఎక్కడ విడిచానో చూసుకుంటున్నాను.

ఇక అసలు సంగతి.

చలికాలం చివర ఎల్సా అనే పెద్దామె వచ్చింది. అరవై దాటింది. పొట్టి మనిషి, నడుము బాగా లేదు. భర్త పోయాడు. ఆయన నడుపుతుంటే ఈమె వెనక కూర్చుని ఎన్నో దేశాలు తిరిగిందట. తనకూ నడపడం వచ్చు గానీ ఒంటరిగా దూరం పోవడం ఇదే మొదలు. రాగానే ఆయన నడిపిన రకం బండే కావాలంది. మా దగ్గరున్న వాటిలో అతి పెద్దది అది. సోఫా లాంటి సీటు, వీపుకు ఆనుడు, పాటల పెట్టె. ఎక్కి కూర్చుంటే ఆమె కాలి వేళ్లు మాత్రమే నేలకు తగిలాయి.

అప్పుడు చెప్పాను, దావీదు యుద్ధానికి పోయేటప్పుడు రాజు తన కవచం తొడిగించాడనీ, అది రాజుకు గొప్పదే గానీ దావీదుకు అడుగు తీసి అడుగు వేయడం కాలేదనీ, దాన్ని విప్పేసి తన చేతికి అలవాటైన వడిసెలతో పోయాడనీ. "అది మీ ఆయన కవచం తల్లీ, మీది కాదు" అన్నాను. ఆమె ఆ బండి హ్యాండిలును ఒకసారి నిమిరింది. తర్వాత దిగి, నేను చూపించిన తక్కువ ఎత్తు బండి తీసుకుంది.

"నువ్వు పాస్టరువా?" అని అడిగింది. ఊళ్లో వాక్యం చెప్తానన్నాను. అయితే బండికి ప్రార్థన చేయమంది.

మన సంఘంలో కొత్త బండి కొన్నవాడు ముందు మందిరం దగ్గరికి తోలుకొస్తాడు గదా. ట్యాంకు మీద చేయి పెట్టి, నూనె చుక్క రాసి ప్రార్థించి, ప్రార్థించినవాడే మొదటి చుట్టు తిప్పి ఇస్తాడు. ఎన్ని బండ్లకు చేశానో. పక్కనే చక్రం బిగిస్తున్న రెడ్డప్ప కూడా ఎగదోశాడు.

"సెయ్యి పాస్టరయ్యా. కోడిని కోసేది లేదు, నిమ్మకాయ తొక్కించేది లేదు. మీది సులువైన పూజ గదా."

"పూజ కాదప్పా, ప్రార్థన."

"ఏదైతే ఏమిలే. యాడో ఒకసోట ఎవురో ఒకరు సూసుకోవాల గదా ఆ యమ్మను."

ట్యాంకు మీద చేయి పెట్టాను. ఎండకు కాలుతోంది. ఆమె హెల్మెట్ చంకలో పెట్టుకుని తల వంచింది. రెడ్డప్ప పానా కింద పెట్టాడు. "ప్రభువా" అన్నాను. అంతే అక్కా. మాట మరచిపోవడం కాదు అది. బావిలోకి చేద వేస్తే నీళ్ల చప్పుడు బదులు రాతి చప్పుడు వినబడినట్టు. మళ్లీ వేశాను. మళ్లీ రాయే. ఆమె తల వంచుకునే ఉంది. పెదవులు కదిపి, కొంతసేపు అలాగే నిలబడి, ఆమేన్ అన్నాను. ఆమె కూడా ఆమేన్ అంది. ఆనవాయితీ తప్పకుండా మొదటి చుట్టు తిప్పి ఆమె చేతికిచ్చాను.

ఆ ప్రయాణమంతా నేను ఆమె బండి వెనక చక్రం మీదనుంచి చూపు తిప్పలేదు. హైమా దాటాక ఇసుకగాలి లేచింది. అందులోంచి ఒంటెల మంద రోడ్డు మీదికి వచ్చేసింది. ఆమె బ్రేకు వేసి, బండి ఒరగబోతుండగా రెండు కాళ్లూ నేలకు తన్ని నిలబడింది. పెద్ద బండే అయితే మీద పడేది. నేను పికప్ ఆపి పరుగెత్తేసరికి ఆమె నవ్వుతోంది. అక్కడ కూడా నా నోట దేవుని పేరు రాలేదు. "మంచి సీటు ఎత్తు" అన్నాను. నిజంగానే అదే అన్నాను.

తిరిగొచ్చాక తాళంచెవి ఇస్తూ నా రెండు చేతులూ పట్టుకుంది. దారి పొడుగునా నా ప్రార్థన తనకు తోడుగా ఉందట. భర్త పోయాక ఒంటరిగా లేనని అనిపించడం అదే మొదలట. కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను తల ఊపాను.

అక్కా, కోప్పడకుండా విను. ప్రార్థన లేకుండా వెళ్లిన బండి క్షేమంగా తిరిగొచ్చింది. మరి నేను చేయి పెట్టిన బండ్లన్నీ ఎవరి వల్ల తిరిగొచ్చాయి? బ్రేకుల వల్లా? యాకోబప్ప కొడుకు బండికి నేను ఎంత కన్నీటితో ప్రార్థించానో నీకు తెలుసు, నువ్వు పక్కనే ఉన్నావు. ఆ బండి పలమనేరు రోడ్డు మీద నుంచి తిరిగి రాలేదు. ఆ రోజు సమాధి దగ్గర నిలబడి "దేవుని చిత్తం" అని గర్జించాను. ఆ గర్జన ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు వెతుకుతుంటే దొరకడం లేదు.

రెడ్డప్పతో చెప్పాను. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

"ఆ యమ్మకు నేను ప్రార్థన సెయ్యనేలేదు రెడ్డప్పా."

"మరి పెదవులు కదిలిస్తివే."

"ఊరికే కదిలించినా."

"ఓస్, మా ఊరి పూజారి గూడా అంతేలే. దానికి యాల బాధపడేది?" అన్నాడు. నేను నవ్వకపోయేసరికి అన్నం ప్లేటు పక్కన పెట్టాడు. "అందుకేనా ఇంకో రెండేండ్లు ఈడ్నే ఉంటానని మేనేజరుతో అంటివి? ఈడైతే నీకు మాట రాకపోయినా ఎవురికీ తెలీదు. ఆడ తెలిసిపోతాది, అంతేనా?"

వాక్యం తెలియని మనిషి నన్ను నిలువునా చదివేశాడు. అవును, ఉంటానన్నాను. నీకు చెప్పకుండానే అన్నాను.

ఆ తర్వాతి ఆదివారమే నువ్వు కూడిక మధ్యలో ఫోన్ చేశావు. "ఇను తమ్ముడా, నీ గొంతే" అన్నావు. నేను ఊళ్లో ఉన్నప్పుడు రికార్డు చేసిన వాక్యాలను వారం వారం స్పీకర్లో పెడుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. భయపడవద్దని ఎవడో అరుస్తున్నాడు, ఆకాశం తన జేబులో ఉన్నట్టు. ఎవడీ మనిషి, ఇంత ధైర్యం వీడికెక్కడిది అనిపించింది. మాట పూర్తికాకముందే యాకోబప్ప ఆమేన్ వినబడింది. కొడుకును మట్టిలో పెట్టినవాడు, అందరికంటే ముందు ఆమేన్ అంటున్నాడు. లేని మనిషికి అంటున్నాడు. ఇంక వినలేక ఫోన్ పెట్టేశాను.

ఇదిగో నా జవాబు. మేనేజరుతో అన్న మాట వెనక్కి తీసుకున్నాను. వేసవి ప్రయాణాలు ముగిశాక ఒప్పందం తీరుతుంది, వచ్చేస్తాను. కానీ వాక్యానికి నిలబడను. ఏ ఆదివారమని అడగొద్దు, నాకు తెలియదు. అసలు ఆ ఆదివారం ఉందో లేదో కూడా తెలియదు. యాకోబప్ప పక్కన చాప మీద కూర్చుంటాను. ఆమేన్ అనగలనో లేదో, అదీ మాటివ్వలేను.

సంఘాన్ని మాత్రం ఇక నాకోసం కాచుకోనివ్వొద్దు. ఆ రికార్డులు ఆపించు. రెండు మాటలు చెప్పమని యాకోబప్ప నిన్ను అడిగితే "వాక్యం సదివి కూర్సుంటా, నేనేడ సెప్పేది" అన్నావట. చెప్పు. నీ మాట వణుకుతుంది, తప్పులు పోతాయి, పోనీ. వణికే మాటైనా బతికున్న మనిషిది.

సుగుణకు ఈ ఉత్తరం చూపించొద్దు, ఆమెకు నేనే చెప్పుకుంటాను. రెడ్డప్ప తిరుగు ప్రయాణంలో కొంచెం రాగిపిండి పంపు, ఇక్కడి బియ్యం కడుపులో నిలవడం లేదు. అతనికి ఒక పూట సంగటి పెట్టు, మంచివాడు, పూజలని వేళాకోళం చేస్తే పట్టించుకోవద్దు. బావకు నమస్కారం, పిల్లలకు ముద్దులు, యాకోబప్ప పాదాలకు నా వందనం. చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటి మీద చేయి ఉంచి నిద్రపోయేదానివి. దూరం నుంచైనా అలాగే ఉంచు.

ఒక్క మనవి. నా మీద ప్రేమ ఉంటే ఇది తప్పకుండా చెయ్యి. ప్రతి ఆదివారం దూరదేశాల్లో ఉన్న సేవకుల కోసం ప్రార్థించేటప్పుడు నా పేరు ఎత్తుతున్నారు గదా, అక్కడ తీసేయండి. తర్వాత జబ్బు మనుషుల కోసం ప్రార్థిస్తారు. ఏం జబ్బని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్ల పేర్ల మధ్యలో నా పేరు చేర్చండి.

నీ ప్రార్థన కోసం ఎదురుచూసే
తమ్ముడు,
దేవసహాయం